ఎనభై అడుగుల రోడ్డును గోడ వైపు నుంచి గీద్దాం

(పట్టణ కాలనీ సంక్షేమ సంఘాల సంయుక్త సమావేశంలో ఒక విశ్రాంత ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న మున్సిపల్ కౌన్సిలర్లకు, కాలనీ సంఘాల ప్రతినిధులకు, ఆటో యూనియన్ తరఫునా తోపుడుబండ్ల వ్యాపారుల తరఫునా వచ్చిన సోదరులకు, కాలేజీ నుంచి వచ్చిన విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఈ సాయంత్రం మనం మాట్లాడుకోవలసింది బస్టాండు నుంచి జూనియర్ కాలేజీ దాకా ఉన్న ఎనభై అడుగుల రోడ్డు గురించి. ఈ రోడ్డు మీద ప్రమాదాలు ఆగాలంటే దీన్ని వంద అడుగులకు పెంచాలని కొందరు, నాలుగు స్పీడ్ బ్రేకర్లు వేస్తే చాలని కొందరు, పోలీసులు గట్టిగా చలానాలు రాస్తే జనమే దారికి వస్తారని మరికొందరు నాకంటే ముందు మాట్లాడారు. ఆ మాటల వెనక ఉన్న ఆవేదన చిన్నది కాదు. ఉద్యోగ జీవితమంతా రోడ్ల నక్షాల మధ్య గడిపినవాడిగా నా అభిప్రాయం మాత్రం మరొకటి. మనకున్న ఎనభై అడుగులు చాలు. ఆ ఎనభై అడుగులను ఎవరికెంత పంచామన్న దాన్ని బట్టే ఈ రోడ్డు మీద ఎవరు క్షేమంగా ఇంటికి చేరతారన్నది తేలుతుంది. ఇప్పటిదాకా ఆ పంపకాన్ని రోడ్డు నడిమధ్య గీత దగ్గర మొదలుపెడుతూ వచ్చాం. ఇకనుంచి ఇళ్ల ప్రహరీ గోడ దగ్గర మొదలుపెట్టాలి.

ముందుగా దేశం మొత్తం లెక్క ఒకసారి చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, వాటిలో 1,68,491 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఆ సంఖ్య 1,72,000 దాటింది. 2022లో చనిపోయినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు, 19.5 శాతం కాలినడకన వెళ్తున్నవారు. అంటే చనిపోయిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరికి చుట్టూ ఇనుప రేకు లేదు, సీటు బెల్టు లేదు, ఎయిర్ బ్యాగు లేదు. మన ఊరి రోడ్డు మీద పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగేవారిలో అత్యధికులు సరిగ్గా వాళ్లే. స్కూటీ మీద పిల్లను దింపడానికి వెళ్లే తల్లి, సైకిలు మీద పాల క్యాను వేసుకుని తిరిగే మనిషి, బస్సు దిగి రోడ్డు దాటవలసిన ముసలాయన, చక్రాల కుర్చీలో మందుల షాపుకు వెళ్లలేక ఇంట్లోనే ఉండిపోతున్న మనిషి. రోడ్డు అందరిదీ అంటున్నప్పుడు నా మనసులో ఉండేది వీళ్లే.

ప్రమాదం ఎందుకు జరిగిందంటే మనం వెంటనే మనిషి మీద వేస్తాం. తాగి నడిపాడు, ఫోను మాట్లాడుతున్నాడు, రాంగ్ రూట్‌లో వచ్చాడు, చూసుకోకుండా దాటింది అంటాం. ఇవన్నీ నిజాలే కావచ్చు, చట్టం తన పని చేయవలసిందే. అయితే మనిషి అన్నాక పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటుకు ప్రాణం పోవడమే శిక్షగా ఉండకూడదన్న సూత్రాన్ని 1997లో స్వీడన్ పార్లమెంటు తమ రోడ్ల విధానానికి పునాదిగా ఆమోదించింది. రోడ్డును గీసేవాడు, కట్టేవాడు, నిర్వహించేవాడు కూడా బాధ్యుడే అన్నది అందులోని సారం. మన దేశంలో కూడా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ ఈ బాధ్యతను గుర్తించింది. నిర్దేశించిన ప్రమాణాలను పాటించని కారణంగా ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా ఆ రోడ్డు డిజైనుకు, నిర్మాణానికి, నిర్వహణకు బాధ్యత వహించే సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మొత్తం పెద్దది కాదు గానీ, డిజైను తప్పు కూడా తప్పేనని చట్టం ఒప్పుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద సంగతి.

ఇప్పుడు వేగం సంగతికి వస్తాను. ఈ విషయంలో కాస్త ఓపిగ్గా వినమని విద్యార్థులను ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే లెక్క సులువైనదే అయినా దాని పర్యవసానం చాలామందికి తెలియదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 8 మీటర్ల పైచిలుకు, 50తో వచ్చే కారు దాదాపు 14 మీటర్లు కదులుతుంది. కాలేజీ గేటు దగ్గర ఒక పిల్లవాడు హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. ఎంత చురుకైన డ్రైవరుకైనా చూసి, తెలుసుకుని, కాలు బ్రేకు మీద వేయడానికి ఒక సెకను పడుతుంది. 30తో వచ్చే కారు ఆ సెకనులో 8 మీటర్లు, బ్రేకు పడ్డాక ఇంకో 5 మీటర్లు వెళ్లి, పొడి రోడ్డు మీద మొత్తం 13 మీటర్లలో ఆగిపోతుంది. 50తో వచ్చే కారు అదే 13 మీటర్ల చోటికి చేరేసరికి బ్రేకు ఇంకా పడనే లేదు. మొదటి కారు ఆగి నిలబడిన చోట రెండో కారు పూర్తి వేగంతో పిల్లవాడిని ఢీకొడుతుంది. పైగా వేగం 30 నుంచి 50కి పెరిగితే ఢీకొట్టే శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. జనం నడిచే చోట 30 కిలోమీటర్ల పరిమితి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది ఇందుకే. మన దేశంలో 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ మున్సిపల్ పరిధిలో కార్లకు 70, ద్విచక్ర వాహనాలకు 60 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని అనుమతించింది. దాన్ని స్థానికంగా తగ్గించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది కాబట్టి కాలేజీ, ఆసుపత్రి, మార్కెట్ ఉన్న మేర 30కి తగ్గించమని మనం అడగవచ్చు, అడగాలి.

బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదన్నది మీ అందరి అనుభవం. డ్రైవరు చదివేది బోర్డును కాదు, రోడ్డును. అరవై అడుగుల మేర తారు నున్నగా పరుచుకుని, ఎదురుగా మలుపు లేకుండా, పక్కన చెట్టు లేకుండా కనబడితే కాలు దానంతట అదే యాక్సిలరేటరు మీద బరువు పెంచుతుంది. అదే డ్రైవరు మార్కెట్ వీధిలోకి తిరగగానే ఏ బోర్డూ చెప్పకుండానే నెమ్మదిస్తాడు. ఈ ఎనభై అడుగుల రోడ్డును వంద అడుగులు చేస్తే కాలేజీ గేటు ముందు 60తో వెళ్లే బండ్లు 70తో వెళ్తాయి. ఇరవై అడుగుల కోసం ఇటూ అటూ ఇళ్ల ముందు భాగాలు, షాపుల షట్టర్లు, ఉన్న కాసిని వేపచెట్లు పోతాయి, దాటవలసిన దూరం పెరుగుతుంది. కోట్లు ఖర్చుపెట్టి ప్రమాదాన్ని పెంచుకోవడమే అవుతుందని వెడల్పు కోరుతున్న మిత్రులకు మనవి చేస్తున్నాను.

మన ఊళ్లలో రోడ్డు నక్షా ఎలా తయారవుతుందో చెబుతాను. ముందు మధ్య గీత గీస్తారు. దానికి అటూ ఇటూ ఒక్కొక్కటి మూడున్నర మీటర్ల లేన్లు వేస్తారు, ఇది హైవేల కొలత. తర్వాత డివైడర్, తర్వాత తారు అంచున మట్టి పట్టీ, తర్వాత మురుగుకాలువ. ఇవన్నీ పోగా గోడ దాకా ఏం మిగిలితే అది ఫుట్‌పాత్. మిగిలినదాంట్లోనే కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, టెలిఫోన్ పెట్టె, చెత్తకుండీ, షాపు మెట్లు, హోర్డింగు కాళ్లు, పళ్ల బండి అన్నీ సర్దుకోవాలి. కావాలంటే రేపు పొద్దున బస్టాండు దగ్గర స్వీట్ షాపు మూల నుంచి ఒక వంద మీటర్లు నడిచి చూడండి. మొదట కాలువ మీది పలక ఒకటి విరిగి లోపలికి వంగి ఉంటుంది. దాన్ని తప్పించుకుంటే షాపు ర్యాంపు మోకాలి ఎత్తున అడ్డొస్తుంది. దిగి ఎక్కితే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, దాని చుట్టూ ముళ్లకంచె. అక్కడ నడిచే మనిషి తారు మీదికి దిగక తప్పదు. సరిగ్గా అక్కడే షేర్ ఆటో మనుషులను ఎక్కించుకోవడానికి ఆగుతుంది కాబట్టి ఆటోకు కూడా కుడివైపు నుంచి, అంటే రెండో లేన్లోంచి నడవాలి. రోడ్డు మీద నడుస్తున్నారని పాదచారిని తిట్టేవారు ఈ వంద మీటర్లు తలవంచి చూడాలి.

సరే, గోడ వైపు నుంచి మొదలుపెడదాం. ఎనభై అడుగులంటే 24.4 మీటర్లు. ముందుగా రెండు వైపులా గోడను ఆనుకుని రెండున్నర మీటర్ల చొప్పున నడకదారి ఇద్దాం. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సదుపాయాలపై ప్రచురించిన ఐఆర్‌సీ 103 ప్రమాణం ఏ అడ్డూ లేని 1.8 మీటర్ల వెడల్పును కనీసంగా చెబుతోంది. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా దాటడానికి కావలసిన చోటు అది. షాపులున్న చోట మెట్ల ముందు మనుషులు నిలబడతారు కాబట్టి మనం రెండున్నర తీసుకుంటున్నాం. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మన ఊళ్లలో ఫుట్‌పాత్‌ను అడుగున్నర ఎత్తు కట్టి, బండ్లు ఎక్కకుండా కాపాడామని అనుకుంటాం. బండ్లతోపాటు మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా ఎక్కలేకపోతున్నారు.

ఇంటి గేట్ల విషయంలో ఒక పట్టుదల అవసరం. ఇప్పుడు ప్రతి గేటు దగ్గరా నడకదారి కిందికి దిగి మళ్లీ పైకి లేస్తుంది, నడిచేవాడు యాభై మీటర్లలో ఆరుసార్లు ఎక్కిదిగాలి. దాన్ని తిరగేయాలి. నడకదారి ఒకే మట్టంలో సాగిపోవాలి. ఇంట్లోంచి వచ్చే కారు చిన్న ర్యాంపు ద్వారా ఆ మట్టానికి ఎక్కి, నడిచేవాళ్లను చూసుకుని, అటువైపు దిగాలి. పక్క వీధులు కలిసే చోట కూడా ఇదే పద్ధతి. ఖర్చులో తేడా దాదాపు ఉండదు, నిర్ణయంలోనే ఉంటుంది.

నడకదారిని ఆనుకుని రెండు వైపులా మరో రెండున్నర మీటర్ల పట్టీ వదులుదాం. ఈ పట్టీ మీద నాకు ప్రత్యేకమైన మమకారం ఉంది, ఎందుకంటే మన వీధుల జీవితమంతా ఇందులోనే ఇమడగలదు. చెట్లు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, బైకుల పార్కింగ్, ఆటో స్టాండు, బస్సు షెల్టరు, ఇస్త్రీ బండి, టిఫిన్ బండి, పూలమ్మే అమ్మ గొడుగు అన్నీ ఈ పట్టీలోకి వస్తాయి. తోపుడుబండ్ల సోదరులు భయపడుతున్నారని విన్నాను. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో వీధి వ్యాపారుల ప్రతినిధులు కూడా ఉండాలి. ఈ డిజైనులో బండికి గీసిచ్చిన చోటు ఉంటుంది, అది నడిచేవాళ్ల దారిలోకీ రాదు, వాహనాల దారిలోకీ రాదు. నిజానికి సాయంత్రం ఏడు తర్వాత కాలేజీ అమ్మాయిలు ధైర్యంగా నడవగలుగుతున్నది వీధి దీపాలవల్ల ఎంతో, వెలుగుతున్న మిర్చి బండ్లవల్ల కూడా అంతే. మనుషులున్న చోట మనుషులకు భద్రత ఉంటుంది, వాళ్లను తరిమేసిన రోడ్డు రాత్రికి మరింత ప్రమాదకరమవుతుంది.

రెండు వైపులా నడకదారులకు 5 మీటర్లు, ఈ పట్టీలకు 5 మీటర్లు పోగా 14.4 మీటర్లు మిగిలాయి. మధ్యలో 1.4 మీటర్ల డివైడర్, దానికి చెరోవైపు 6.5 మీటర్ల దారి. లోపలి లేను 3 మీటర్లు, సైకిళ్లూ నెమ్మదిగా వెళ్లే బండ్లూ కూడా ఉండే బయటి లేను మూడున్నర. బస్సు పడుతుందా అని ఆర్టీసీ మిత్రులు అడుగుతారు. మన నిబంధనల ప్రకారం బస్సు గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు. మూడు మీటర్ల లేనులో బస్సు పడుతుంది, నెమ్మదిగా పడుతుంది, మనకు కావలసిందీ అదే. సైకిళ్లకు ప్రత్యేక ట్రాక్ ఎందుకు పెట్టలేదని విద్యార్థులు అడగవచ్చు. వేగంగా వెళ్లే పెద్ద రోడ్ల మీద, బైపాస్ మీద అది తప్పనిసరి. ఈ వెడల్పులో ట్రాక్ ఇవ్వాలంటే పార్కింగ్ పట్టీనో నడకదారినో కోయాలి, ఇచ్చాక కూడా అది నాలుగు నెలల్లో బైకుల షార్ట్‌కట్ అయిపోతుంది. వాహనాల వేగాన్నే 30కి దించితే సైకిలు వాటితో కలిసి క్షేమంగా వెళ్లగలదు. ఇది నా నిర్ణయం, దీనితో విభేదించే ఇంజినీర్లు ఉన్నారు, చర్చ జరగాలి.

రోడ్డు దాటడం దగ్గరే ఎక్కువ ప్రాణాలు ప్రమాదంలో పడతాయి. ఇప్పుడు కాలేజీ ముందు తారు వెడల్పు పద్దెనిమిది మీటర్లు. సెకనుకు ఒక మీటరు నడిచే పెద్దాయనకు దాన్ని దాటడానికి 18 సెకన్లు కావాలి. 50తో వచ్చే కారు ఆ 18 సెకన్లలో 250 మీటర్లు వస్తుంది. అంటే అడుగు తీసి వేసేటప్పుడు కంటికి చిన్న చుక్కలా కనిపించే కారు కూడా ఆయన అవతలికి చేరేలోగా మీదికి వచ్చేస్తుంది. రెండువైపుల నుంచీ వచ్చే బండ్లను, అన్ని లేన్లలోనూ, అంత దూరం ముందుగా అంచనా వేసి దాటమంటున్నాం మనం ఆయన్ని. కొత్త అమరికలో ఆయన ఒకవైపే చూస్తూ 6.5 మీటర్లు దాటి, డివైడర్ మధ్య ఖాళీలో నిలబడి, రెండోవైపు చూసుకుని మళ్లీ 6.5 మీటర్లు దాటుతారు. దాటే చోట పక్క పట్టీని ముందుకు తెచ్చి నడకదారిలో కలిపేస్తాం కాబట్టి అక్కడ ఆటో ఆగదు, పార్క్ చేసిన కారు వెనక నుంచి చిన్నపిల్లవాడు హఠాత్తుగా బయటపడడు, డ్రైవరుకు వాడు ముందే కనిపిస్తాడు.

ఆ దాటే చోటును రోడ్డు మట్టానికి 10 సెంటీమీటర్లు ఎత్తుగా, పైన చదునుగా, రెండు వైపులా వాలుగా కట్టాలి. స్పీడ్ బ్రేకర్ కోరిన మిత్రులకు నా జవాబు ఇదే. మన వీధుల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో వేసే అడుగు వెడల్పు గుట్టలు రోగుల వెన్నులను విరుస్తున్నాయి, రంగు లేక చీకట్లో బైకు మీది మనిషిని పడేస్తున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణంలోనే గుండ్రటి హంప్‌కు కొలత ఉంది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటగలిగే వంపు. ఈ కొలతకు కట్టినది వేగంగా వచ్చేవాడిని మాత్రమే ఇబ్బంది పెడుతుంది, అంబులెన్సులోని గర్భిణిని పెట్టదు.

కూడళ్ల దగ్గర మూలల వంపును తగ్గించాలి. మూల ఎంత విశాలంగా గుండ్రంగా ఉంటే బండి అంత వేగంగా ఎడమకు తిరుగుతుంది, సరిగ్గా ఆ మలుపులోనే మనుషులు దాటుతుంటారు. బస్సు ఆగే చోట ఇంకొక మార్పు కోరతాను. బస్ బే అని రోడ్డును లోపలికి కోసి పెడతాం, దాంట్లో ఆటోలు నిలబడతాయి, బస్సు నడిరోడ్డు మీదే ఆగుతుంది, జనం రెండు ఆటోల సందులోంచి పరుగెత్తి ఎక్కుతారు. దాని బదులు పట్టీని ముందుకు పెంచి, బస్సు తన లేన్లోనే ఆగేలా, ప్రయాణికులు నడకదారి మీది నుంచి నేరుగా ఎక్కేలా కట్టాలి. వెనకున్న కార్లు అర నిమిషం ఆగుతాయి. యాభై మంది కోసం ఐదుగురు అర నిమిషం ఆగడంలో అన్యాయం లేదు.

ఇక ఒక చిన్న విషయంలా కనిపించే పెద్ద విషయం. మనం ప్రతిసారీ పాత తారు మీదే కొత్త తారు పోస్తున్నాం. పదిహేనేళ్లలో రోడ్డు లేచిపోయి, ఫుట్‌పాత్ దానికి సమమై, ఇళ్లు పల్లమై, వానొస్తే నీళ్లు వరండాల్లోకి వస్తున్నాయి. పాత పొరను గీకి తీసి అదే మందంలో కొత్తది వేయాలన్న షరతు టెండరులో ఉండాలి. అలాగే కేబుళ్లకు, నీళ్ల పైపులకు నడకదారి కింద ముందే గొట్టాలు వేసిపెట్టాలి. బెంగళూరులో టెండర్ ష్యూర్ పేరుతో సెయింట్ మార్క్స్ రోడ్డు, కన్నింగ్‌హామ్ రోడ్డు, విఠల్ మాల్యా రోడ్డు లాంటివాటిని మార్చినప్పుడు విశాలమైన ఫుట్‌పాత్‌లతోపాటు ఈ భూగర్భ ఏర్పాటుకు కూడా అంతే ప్రాధాన్యం ఇచ్చారు. వేసిన నెలకే తవ్వే రోడ్డు మీద ఏ డిజైనూ బతకదు.

ఇదంతా విన్నాక మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. దారి తగ్గిస్తే బండ్లు ఎక్కడికి పోతాయి, ట్రాఫిక్ జామ్ కాదా? దీనికి ఊహలతో కాకుండా కొలిచిన ఉదాహరణతో జవాబిస్తాను. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో నగరంలో కాలేజ్ పార్క్ అనే పేట ఉంది. దాని నడుమ నుంచి వెళ్లే ఎడ్జ్‌వాటర్ డ్రైవ్ షాపులతో నిండిన నాలుగు లేన్ల రోడ్డు, రోజుకు దాదాపు 20,500 వాహనాలు తిరిగేవి. రాష్ట్ర రవాణా శాఖ దానికి కొత్త తారు వేయబోతున్న సమయంలో, ఎలాగూ గీతలు మళ్లీ గీయాలి కదా, నాలుగు లేన్ల బదులు అటొకటి ఇటొకటి, మధ్యలో మలుపు తిరిగే బండ్లకు ఒకటి, అంచుల్లో సైకిళ్లకు దారి గీద్దామని నగరం ప్రతిపాదించింది. అక్కడా వ్యాపారులు, నివాసులు ఇవే భయాలు వ్యక్తం చేశారు. ఆ పేటవాళ్లతో కూర్చుని, ఏవేవి మెరుగుపడితే ఈ మార్పు నెగ్గినట్టో ముందుగానే రాసుకున్నారు, కుదరకపోతే పాత గీతలే మళ్లీ గీసే వీలూ ఉంచుకున్నారు. 2002లో దాదాపు రెండున్నర కిలోమీటర్ల మేర గీతలు మార్చారు.

ఫలితాలు కొలిచారు. ప్రమాదాల రేటు 34 శాతం తగ్గింది. గాయాల రేటు 68 శాతం తగ్గింది. నడిచేవాళ్లు 23 శాతం, సైకిలు తొక్కేవాళ్లు 30 శాతం పెరిగారు. వీధి పక్కన పార్కింగ్ వాడకం 29 శాతం నుంచి 41 శాతానికి చేరింది, అంటే షాపుల దగ్గర ఆగేవాళ్లు పెరిగారు. వాహనాలు మొదట్లో 18,000 స్థాయికి తగ్గాయి, ఆ రోడ్డు స్తంభించిపోలేదు. గోడలు కూల్చలేదు, భూమి సేకరించలేదు, మార్చింది గీతలను మాత్రమే. ఓర్లాండోలో ఆటోలు లేవు, తోపుడుబండ్లు లేవు, మన రద్దీ వేరు అని మీరు అనవచ్చు, అది న్యాయమైన మాటే. అందుకే మనకు మనం కొలుచుకోవాలంటున్నాను.

మనకు దగ్గరగా, మన రద్దీతో ఉన్న చోటు కావాలంటే చెన్నైలోని పాండీ బజార్ చూసి రండి. తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద వెలసిన త్యాగరాయ నగర్‌లో, మరో తెలుగు ప్రముఖుడు పానగల్ రాజా పేరిట ఉన్న పార్కు దగ్గర మొదలయ్యే వీధి అది. పండుగ రోజుల్లో అక్కడ కాలు పెట్టడానికి చోటుండేది కాదు. స్మార్ట్ సిటీ పథకం కింద వాహనాల దారిని కుదించి, ఫుట్‌పాత్‌లను విశాలంగా పెంచి, 2019 నవంబరులో ప్రారంభించారు. వాహనాలు ఇప్పటికీ వెళ్తాయి. నడిచేవాళ్లు మాత్రం తారు మీదికి దిగవలసిన అవసరం లేదు. రెండు చేతుల్లో సంచులున్న కుటుంబాలు కూర్చుని ఊపిరి పీల్చుకోవడానికి బెంచీలున్నాయి. కొనుగోలు చేసేది మనిషే కాబట్టి మనిషి నిలబడగలిగిన చోటే వ్యాపారం నిలుస్తుందని మన షాపుల యజమానులు అక్కడి యజమానులతో మాట్లాడి తెలుసుకోవడం మంచిది, నా మాట మీద నమ్మనక్కర్లేదు.

మన ఊరికి నేను కోరేది ముందుగా మూడు నెలల ప్రయోగం. కాంక్రీటు వద్దు. కాలేజీ గేటుకు అటూ ఇటూ కలిపి మూడు వందల మీటర్ల మేర సున్నం, రంగు, ప్లాస్టిక్ కోన్లు, ఇసుక నింపిన డ్రమ్ములతో నేను చెప్పిన కొలతలను రోడ్డు మీదే గీద్దాం. పెట్టేముందు ఒక వారం, పెట్టాక ఒక వారం, అదే సమయాల్లో లెక్క తీయాలి. ఎంతమంది దాటారు, దాటడానికి ఎంతసేపు కాచుకున్నారు, బండ్ల వేగం ఎంత, బస్సు ఆ ముక్కను దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎంతమంది పిల్లలు పెద్దల తోడు లేకుండా దాటారు. ఈ లెక్క తీయడానికి కాలేజీ విద్యార్థులకంటే సరైనవాళ్లు లేరు, గణిత అధ్యాపకులు ఒప్పుకుంటే ప్రాజెక్టు కింద చేయవచ్చు. వేగం విషయంలో సగటు ఒక్కటే సరిపోదు. వందలో 85 బండ్లు ఏ వేగానికి లోబడి వెళ్తున్నాయో చూడాలి, ఇంజినీర్లు నమ్మే కొలత అది.

ప్రమాదాల వివరాలు పోలీసులు ఇప్పుడు ఇ-డార్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదు చేస్తున్నారు. ఈ రోడ్డు మీద ఏ చోట, ఏ సమయంలో, ఏ వాహనం ఎవరికి తగిలిందో పేర్లు లేకుండా ఇవ్వమని మున్సిపాలిటీ ద్వారా అడగవచ్చు, అవసరమైతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. ఆ చుక్కలను మ్యాపు మీద పెట్టి చూస్తే వాదనలు సగం ఆగిపోతాయి. రోడ్డు ఆర్ అండ్ బీ శాఖదా, మున్సిపాలిటీదా అన్న ప్రశ్న మొదటి రోజే తేల్చుకోవాలి, ఎందుకంటే మన ఊళ్లలో మంచి పనులు చాలాసార్లు ఆగిపోయేది ఈ రెండు బల్లల మధ్యనే.

కౌన్సిలర్లకు ఒక మాట. ఇది ఎవరి దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన కోరిక కాదు. రోడ్డు భద్రతపై ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ వేసిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 2014లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన కమిటీ వేసింది. అదే వ్యాజ్యంలో 2025 మే నెలలో, పాదచారులకు సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, అవి వికలాంగులకు కూడా అనువుగా ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సరేసరి. మీరు ఈ డిజైనును ఆమోదిస్తే చట్టం ఇప్పటికే మీ మీద పెట్టిన పనిని చేసినవారవుతారు.

తీర్మానంలో ఉండవలసిన అంశాలను నేను రాసి అధ్యక్షులవారికి ఇచ్చాను. కాలేజీ దగ్గర మూడు వందల మీటర్లలో మూడు నెలల ప్రయోగం, ఆ మేర 30 కిలోమీటర్ల పరిమితి కోసం ప్రభుత్వానికి లేఖ, వీధి వ్యాపారుల సర్వే ప్రయోగానికి ముందే పూర్తి చేయడం, తారు టెండరులో పాత పొర గీకే షరతు, ప్రయోగం ముగిశాక కొలతలను ఇదే హాలులో అందరి ముందు పెట్టి, ఆ తర్వాతే శాశ్వత నిర్మాణంపై ఓటు. రోడ్డు నక్షాను ఒకటికి రెండు వందల స్కేలులో ముద్రించి ఆ పక్క బల్ల మీద పరిచాము, ఎర్ర పెన్నులు కూడా పెట్టాము. మీ ఇంటి గేటు, మీ బండి నిలిపే చోటు, మీ పిల్లలు దాటే చోటు, మీరు పడబోయి తప్పించుకున్న చోటు గుర్తించి వెళ్లండి. చూపు లేనివారు, నడవలేనివారు మీ ఇళ్లలో ఉంటే వాళ్లను రేపు సాయంత్రం తీసుకురండి, రేపు కూడా నేను ఇక్కడే ఉంటాను, వాళ్లు చెప్పిన చోట్లను నేనే గుర్తు పెడతాను.